ఫైలు దానంతట అది కోర్టుకు వెళ్లదు

భీమవరం దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయన వయసు 41. 2014 నుంచి ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఫ్రీజర్ ఆపరేటరు. మొదటి ఏడేళ్లు జీతం చీటీ కంపెనీ పేరుతో వచ్చేది. 2021 నుంచి అదే మెషీను, అదే షిఫ్టు, అదే సూపర్‌వైజరు, కానీ చీటీ మీద కాంట్రాక్టరు పేరు. జీతం 17,000. అందులో బేసిక్, డీఏ కలిపి 15,600. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచాక ప్లాంటులో షిఫ్టులు తగ్గిపోయాయి. సెప్టెంబరులో ఒక ఉదయం గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, "లిస్టులో మీ పేరు లేదండి, ఆర్డర్లు వచ్చాక పిలుస్తారంట" అన్నాడు. కాగితం ఏమీ ఇవ్వలేదు. తన తర్వాత చేరిన ఇద్దరు ఆపరేటర్లు మాత్రం ఇప్పటికీ లోపల పని చేస్తున్నారు.

అక్టోబరులో లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టారు. అసిస్టెంట్ కమిషనరు మూడుసార్లు అందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. కంపెనీ "ఆయన మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి" అంది. కాంట్రాక్టరు "తనే పని మానేశాడు" అన్నాడు. చర్చలు విఫలమయ్యాయన్న రిపోర్టు కాపీ ఫిబ్రవరి 12న రిజిస్టర్డ్ పోస్టులో ఇంటికి వచ్చింది. "ఫైలు పైకి వెళ్తుంది, గవర్నమెంటు కోర్టుకు రిఫర్ చేస్తుంది, కబురు వస్తుంది" అని ఎవరో చెబితే ఎదురు చూస్తూ కూర్చున్నారు. ఈలోగా ప్లాంటు మేనేజరు, ఆయన భార్యకు వరసకు బాబాయి, ఇంటికి వచ్చి "లక్షన్నర ఇప్పిస్తాను, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టెయ్ అల్లుడూ" అన్నారు. భార్య తీసుకోమంటున్నారు, కొడుకు పాలిటెక్నిక్ ఫీజు కట్టాలి. కేసు వేస్తే చుట్టుపక్కల ఏ ప్లాంటులోనూ గేటు తీయరని బావమరిది భయపెడుతున్నాడు. పీలింగ్ (రొయ్యల పొట్టు తీసే) సెక్షన్‌లో ఆడవాళ్లను కూడా అలాగే ఆపేశారు, వాళ్లకు చెప్పకుండా తానొక్కడే అర్జీ పెట్టినందుకు సిగ్గుగా ఉందని రాశారు. చివర్లో అడిగింది ఇది: "కోర్టు కబురు కోసం ఆగాలా, డబ్బు తీసుకోవాలా? పది మందిలో కేసుల మనిషి అనిపించుకోవడం నాకు ఇష్టం లేదండి."

*

మీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను కంగారు పెట్టింది లక్షన్నర సంగతి కాదు, "ఎదురు చూస్తున్నాను" అన్న మాట. దయచేసి ఎదురు చూడకండి. ఆ కబురు రాకపోవచ్చు. మీరు కూర్చున్న ప్రతి రోజూ మీ గడువులోంచి ఒక రోజు పోతోంది.

మీకు ఆ మాట చెప్పినాయన అబద్ధం చెప్పారనుకోను. చాలా ఏళ్లపాటు పద్ధతి అదే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం లేబర్ ఆఫీసరు పని రాజీ కుదర్చడం వరకే. తీర్పు చెప్పే అధికారం ఆయనకు లేదు. రాజీ కుదరకపోతే ప్రభుత్వానికి రిపోర్టు పంపాలి. ప్రభుత్వం ఆ రిపోర్టు చూసి, వివాదం ఉందనిపిస్తే 10వ సెక్షన్ కింద లేబర్ కోర్టుకో ట్రిబ్యునల్‌కో పంపుతుంది. పంపకపోతే ఎందుకు పంపలేదో కారణం రాసి ఇవ్వాలి. ఈ పంపడాన్నే రిఫరెన్స్ అంటారు. ఎవరిది న్యాయమో తేల్చే పని కోర్టుది, ప్రభుత్వం తానే ఆ తీర్పు చెప్పేసి ఫైలు మూసెయ్యకూడదని సుప్రీంకోర్టు 1989లో టెల్కో కాన్వాయ్ డ్రైవర్ల కేసులో స్పష్టంగా చెప్పింది. అయినా ఆ పద్ధతిలో కార్మికుడి చేతిలో ఉండేది తక్కువ. ఫైలు ఏ బల్ల మీద ఆగిందో తెలిసేది కాదు. ఇంకో ఇబ్బంది, రిఫరెన్స్ ఉత్తర్వులో ఏ ప్రశ్న రాస్తే కోర్టు దానికే జవాబు చెప్పాలి. ఆ ప్రశ్న సరిగ్గా రాయకపోతే అసలు గొడవ పక్కకు పోయేది.

ఒక్కడిని పనిలోంచి తీసేసిన గొడవ విషయంలో ఈ బాధ ముందే కొంత తగ్గింది. యూనియన్ వెంట లేకపోయినా, ఒక్క కార్మికుడి తొలగింపు కూడా పారిశ్రామిక వివాదమేనని 1965లో 2ఏ సెక్షన్ పెట్టారు. మన ఆంధ్రప్రదేశ్ ఇంకో అడుగు ముందుకేసి 1987లోనే, తొలగించిన కార్మికుడు ప్రభుత్వం దాకా పోకుండా నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లొచ్చని సవరణ తెచ్చింది. దేశమంతటికీ ఆ వీలు 2010లో వచ్చింది: లేబర్ ఆఫీసరుకు అర్జీ పెట్టి 45 రోజులు దాటితే నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు, తీసేసిన రోజు నుంచి మూడేళ్లలోపు వెళ్లాలి. కాబట్టి మీలాంటి కేసులో గవర్నమెంటు పంపాల్సిందే అన్న మాట పాత చట్టం కింద కూడా నిజం కాదు. వేతన ఒప్పందాలు, బోనసు, అందరికీ సంబంధించిన డిమాండ్ల వంటివాటికే రిఫరెన్స్ దారి మిగిలింది.

ఇప్పుడు ఆ చట్టం కూడా మారిపోయింది. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో మామూలు వివాదాలకు ప్రభుత్వం రిఫర్ చేయడం అన్న మెట్టే తీసేశారు. రాజీ కుదర్చడానికి అధికారికి 45 రోజులు. కుదరకపోతే రిపోర్టు ప్రభుత్వానికీ, రెండు పక్షాలకీ పంపుతారు. ఆ రిపోర్టు అందిన రోజు నుంచి 90 రోజుల్లోపు ఎవరికి కావాలంటే వాళ్లే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్త ట్రిబ్యునళ్లు ఏర్పడేదాకా ఇప్పుడున్న లేబర్ కోర్టులు, ట్రిబ్యునళ్లే పని చూడాలని కేంద్రం డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి "కోర్టులే లేవంట" అని ఎవరైనా అంటే ఆగిపోకండి.

మీ పరిస్థితి రెండు చట్టాల మధ్య పడింది. తీసేసింది, అర్జీ పెట్టింది పాత చట్టం ఉన్నప్పుడు. రిపోర్టు వచ్చింది కొత్త కోడ్ వచ్చాక. మీకు ఏ లెక్క వర్తిస్తుందన్నది లాయర్లు కోర్టులో వాదించుకునే విషయం. మీరు ఆ వాదనలో ఇరుక్కోవద్దు. పాత లెక్కలో మీకు 2028 సెప్టెంబరు దాకా టైముంది. కొత్త లెక్కలో ఫిబ్రవరి 12 నుంచి 90 రోజులు, అంటే మే 13. ముందు ముగిసే గడువునే మీ గడువు అనుకోండి. మే 13 లోపల దరఖాస్తు వేస్తే ఏ చట్టం ప్రకారం చూసినా ఆలస్యమైందన్న మాట రాదు. మే నెలలో కోర్టులకు వేసవి సెలవులు కూడా ఉంటాయి. అందుకని ఏప్రిల్‌లోనే వేసేయండి. రిపోర్టు వచ్చిన కవరు పారేయలేదు కదా? పోస్టాఫీసు ముద్రతో ఆ కవరును రిపోర్టుతోపాటే దాచండి. ఏ రోజు అందిందో చెప్పే సాక్ష్యం అదే.

మీరు దరఖాస్తు వేయడం అంటే డబ్బు మాట వదిలేసినట్టు కాదు. ఇది మీ ఆవిడకు ముందుగా చెప్పండి. కేసు వేశాక కూడా ఏ వాయిదాకైనా రాజీ పడొచ్చు. గడువు దాటాక మాత్రం అవతలివాళ్లకు మీతో మాట్లాడాల్సిన అవసరమే ఉండదు. ఈ రోజు లక్షన్నర అంటున్న మనిషి మే 14న యాభై వేలు కూడా అనకపోవచ్చు.

ఇప్పుడు ఆ లక్షన్నర లెక్క చూద్దాం. ఆర్డర్లు లేవని మనిషిని తీసేయడాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది. ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసినవాళ్లను అలా తీయాలంటే ఒక నెల ముందు నోటీసు, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. పాత చట్టంలోనూ ఇదే, కొత్త కోడ్‌లోనూ ఇదే. గ్రాట్యుటీ వేరు. అది నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఎన్నేళ్లు చేస్తే అన్ని రెట్లు. మీ 15,600 మీద చూస్తే గ్రాట్యుటీ ఏడాదికి 9,000, పదకొండేళ్లకు 99,000. పరిహారం ఏడాదికి 7,800 వేసుకున్నా 85,800. నోటీసు జీతం 15,600. మొత్తం 2,00,400. ఇందులో బోనసు లేదు, వాడుకోని సెలవుల డబ్బు లేదు, మీ పీఎఫ్ అసలే లేదు. అది ఎటూ మీ సొంత డబ్బు. అలవెన్సులు కలిపి 17,000 మీద పరిహారం కడితే ఇంకొంచెం పెరుగుతుంది.

అంటే బాబాయిగారు తెచ్చిన మొత్తం, చట్టప్రకారం మిమ్మల్ని పంపించి ఉంటే చేతికి రావాల్సినదానికంటే యాభై వేలు తక్కువ. మీరు కేసు వదులుకున్నందుకు అందులో ఒక్క రూపాయి కూడా లేదు. ఆయన మీకు చెడు చేయాలని వచ్చారని నేననను. యాజమాన్యం ఆయనకు ఒక అంకె చెప్పి పంపి ఉంటుంది. ఆయన్ని కూర్చోబెట్టి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. "బాబాయిగారూ, వీటిలో ఏది నాకు రాదో మీరే చెప్పండి" అని అడగండి. వరస తప్పక్కర్లేదు, గొంతు పెంచక్కర్లేదు.

రాజీ పడాలని మీకే అనిపిస్తే, అది తప్పేమీ కాదు. చేతిలో డబ్బు లేని ఇంట్లో కొడుకు ఫీజు కట్టాల్సిన నెలలో ఆ ఆలోచన రావడం సహజం. కానీ స్టాంపు పేపరు మీద ఇంట్లో సంతకం పెట్టకండి. "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి, ఇక ఏ హక్కూ లేదు" అన్న ఒక్క లైను గ్రాట్యుటీ దగ్గర్నుంచి మళ్లీ పనిలోకి తీసుకునే హక్కు దాకా అన్నిటికీ అడ్డం తెచ్చిపెడుతుంది. ఆ అసిస్టెంట్ కమిషనరు ముందే మళ్లీ కూర్చుని, ఏ పద్దు కింద ఎంత ఇస్తున్నారో విడివిడిగా రాయించి, ఆయన సమక్షంలో ఒప్పందం చేసుకోండి. రిపోర్టు వెళ్లిపోయినా రెండు పక్షాలూ ఒప్పుకుని వస్తే ఏ అధికారీ కాదనరు. అలా అధికారి ముందు కుదిరిన ఒప్పందాన్ని కంపెనీ తప్పితే ఆ డబ్బును భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయించే వీలుంది. ఇంట్లో రాసుకున్న కాగితానికి ఆ బలం ఉండదు. డబ్బు కూడా బ్యాంకు ఖాతాలోకే రావాలి. ఇంకొక మాట అడగండి: ఆర్డర్లు వచ్చి మళ్లీ మనుషుల్ని తీసుకునేటప్పుడు నన్ను ముందు పిలుస్తారా అని. రిట్రెంచ్ చేసినవాళ్లకు ఆ మొదటి అవకాశం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. కొత్త కోడ్ దీన్ని ఏడాది వరకు అంది. ఒప్పందంలో అది కూడా రాయించుకుంటే మీకు లక్షన్నర కంటే విలువైనది అదే కావచ్చు.

కేసు దారిలో వెళ్తే అసలు పోరాటం ఎక్కడుంటుందో చెబుతాను. మీరు ఎవరి మనిషి అన్న ప్రశ్న దగ్గర. కాంట్రాక్టు నిజమైనదా, లేక కాగితం మీద పెట్టిన తెర మాత్రమేనా అన్నది పారిశ్రామిక ట్రిబ్యునలే సాక్ష్యం చూసి తేల్చాలని సుప్రీంకోర్టు 2001లో స్టీల్ అథారిటీ కేసులో చెప్పింది. కాబట్టి దరఖాస్తులో కంపెనీని, కాంట్రాక్టరును ఇద్దర్నీ ప్రతివాదులుగా పెట్టాలి. ఒకరిని వదిలేస్తే రెండోవాళ్లు తప్పంతా ఆ లేనివాడి మీదకు నెట్టేస్తారు. 2021కి ముందు, తర్వాత మీ పనిలో ఏం మారిందో ఒక కాగితం మీద రాయండి. షిఫ్టు వేసింది ఎవరు, సెలవు ఇచ్చింది ఎవరు, ఫ్రీజర్ చెడిపోతే ఎవరికి ఫోన్ చేసేవారు, యూనిఫాం ఎవరిచ్చారు, తప్పు చేస్తే తిట్టింది ఎవరు. ఆ జవాబులన్నీ కంపెనీ వైపే ఉంటే కాంట్రాక్టరు పేరు ఒక్క జీతం చీటీ మీద ఉన్నంతమాత్రాన సరిపోదు.

2021లో మిమ్మల్ని కాంట్రాక్టరు పేరు మీదకు మార్చినప్పుడు కంపెనీ మీకు గ్రాట్యుటీ ఇచ్చిందా? లెక్క సెటిల్ చేసిందా? రాజీనామా రాయించుకుందా? ఏదీ లేకపోతే అది మీకు మంచి సాక్ష్యం. ఏడేళ్లు చేసిన మనిషి నిజంగా అప్పుడు ఉద్యోగంలోంచి వెళ్లిపోయి ఉంటే గ్రాట్యుటీ ఇవ్వడం వాళ్ల బాధ్యత. ఇవ్వలేదంటే ఉద్యోగం తెగలేదని వాళ్లకూ తెలుసన్నమాట. ఈ వాదన మీ లాయరుకు మీరే గుర్తు చేయండి. ఒకవేళ అప్పుడేదో తెల్ల కాగితం మీద సంతకం పెట్టి ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి. అవతలివాళ్ల చేతిలోంచి అది మొదటిసారి బయటికి వస్తే మీ లాయరు ఏమీ చేయలేరు.

"తనే మానేశాడు" అన్న మాట చాలామంది యజమానులు చెప్పేదే. ఆగిపోయిన వెంటనే మీరు లేబర్ ఆఫీసు మెట్లెక్కడమే దానికి సగం జవాబు. మిగతా సగం ఇప్పుడు రాయండి. "నేను పని మానలేదు, గేటు దగ్గర ఆపారు, ఈ రోజైనా పనిలోకి రావడానికి సిద్ధంగా ఉన్నాను" అని కంపెనీకీ కాంట్రాక్టరుకీ వేర్వేరుగా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రసీదు దాచండి. నిజంగానే మానేశారని వాళ్లు నమ్మితే "రండి" అనాలి. అనకపోతే ఎవరు ఎవర్ని వదిలారో కోర్టుకు అర్థమవుతుంది.

తీసేసిన నాటికి ముందు పన్నెండు నెలల్లో 240 రోజులు (చట్టం లెక్కలో అది ఏడాది సర్వీసు) పనిచేశానని చూపించాల్సిన భారం మొదట మీ మీదే ఉంటుంది. రొయ్యల ప్లాంట్లలో సరుకు లేని నెలలు ఉంటాయి కాబట్టి వాళ్లు దీన్ని గట్టిగా పట్టుకుంటారు. వారపు సెలవులు, జీతం ఇచ్చిన పండగ సెలవులు కూడా ఆ లెక్కలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఏ నెలకు ఎవరు జమ చేశారో అందులో ఉంటుంది. ఈఎస్ఐ కార్డు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, గేటు పాసు, వాట్సాప్ గ్రూపులో సూపర్‌వైజరు షిఫ్టులు పంపిన మెసేజులు అన్నీ కావాలి. ఆ గ్రూపులోంచి మిమ్మల్ని తీసేసేలోపు స్క్రీన్‌షాట్లు తీసుకోండి, ఫోన్ కూడా మార్చకండి. హాజరు పుస్తకాలు కంపెనీ దగ్గర ఉంటాయి. వాటిని తెప్పించమని కోర్టును అడగొచ్చు, తేకపోతే ఆ మౌనం వాళ్లకే వ్యతిరేకంగా పోవచ్చు. మీ తర్వాత చేరిన ఇద్దరు ఇంకా పనిచేస్తున్నారన్నారు కదా. చివర చేరినవాళ్లను ముందు తీయాలన్నది చట్టంలోనే ఉన్న నియమం. తప్పించాలంటే కారణం రాయాలి. వాళ్ల పేర్లు, చేరిన సంవత్సరం దరఖాస్తులో రాయండి. వాళ్ల ఉద్యోగం పోవాలని మీరు అడగడం లేదు. ఆ మాట వాళ్లకు మీరే స్వయంగా చెబితే మంచిది.

లేబర్ ఆఫీసు ఫైలులో కంపెనీ, కాంట్రాక్టరు ఇచ్చిన రాతపూర్వక జవాబులు ఉంటాయి. ఒకరు మా మనిషి కాదన్నారు, ఒకరు మానేశాడన్నారు, గేటు దగ్గర మాత్రం ఆర్డర్లు లేవన్నారు. మూడు మాటలకూ పొంతన లేదు. ఆ జవాబుల కాపీలు, మీటింగుల మినిట్స్ ఇప్పుడే అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. కానీ వాటి కోసం కేసు వేయడం ఆపొద్దు. కాగితాలు తర్వాత దాఖలు చేయవచ్చు.

ఖర్చు భయం గురించి మీరు రాయలేదు కానీ ఉండే ఉంటుంది. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఉచిత లాయరుకు అర్హులైనవాళ్లలో పారిశ్రామిక కార్మికులు పేరు పెట్టి ఉన్నారు. మీ ఆదాయం ఎంతన్నది కూడా చూడరు. భీమవరం కోర్టులో మండల న్యాయ సేవా కమిటీ, ఏలూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నాయి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఈ కేసుల్లో లాయరు నిలబడాలంటే అవతలి పక్షం ఒప్పుకోవాలి, కోర్టు అనుమతించాలి. కార్మికుడు బలహీనుడని పెట్టిన నియమం అది. యూనియన్ నాయకులు కూడా మీ తరఫున వాదించొచ్చు. కార్మిక కేసులు నడిపిన యూనియన్ మనిషి దొరికితే ఒకసారి కలవండి. కొందరికి కోర్టు లోతు లాయర్ల కంటే బాగా తెలుసు.

కేసు గెలిస్తే ఏమొస్తుంది అన్నది మీకు నిజాయితీగా చెప్పాలి. తొలగింపు చెల్లదని తేలితే మళ్లీ పనిలోకి తీసుకోమని, మధ్యకాలపు జీతం ఇమ్మని ఆదేశించడం మామూలు పద్ధతి అని సుప్రీంకోర్టు 2013లో అంది. ఆ మరుసటి ఏడాదే ఇంకో తీర్పులో, రోజుకూలీ లాంటి ఉద్యోగాల్లో నోటీసు, పరిహారం ఇవ్వకపోవడం ఒక్కటే తప్పయితే పనికి బదులు ఒకేసారి డబ్బు ఇప్పించవచ్చంది. మీది ఈ రెండింటి మధ్యలో ఉంది. పదకొండేళ్ల సర్వీసు, జూనియర్లను ఉంచడం మీకు బలం. కాంట్రాక్టరు చీటీ మీకు బరువు. పైగా కాలం పడుతుంది. నెలలు అనుకుని వెళ్లకండి, ఏళ్లు పట్టొచ్చు. తర్వాత కంపెనీ హైకోర్టుకు పోవచ్చు. ఆ మధ్యలో మీరు వేరే పని చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. చెరువుల మీద, ఐస్ ఫ్యాక్టరీలో, ఎక్కడ పని దొరికితే అక్కడ. కోర్టు అడిగినప్పుడు ఎంత సంపాదించారో దాచకుండా చెప్పాలి, అంతే. ఆ మేరకు మధ్యకాలపు జీతం తగ్గుతుంది, కేసు మాత్రం పోదు.

కోర్టు వద్దు, మేనేజరుతో గొడవ వద్దు, వదిలేద్దాం అనిపిస్తే అది కూడా మీ ఇష్టమే. అప్పుడు కూడా గ్రాట్యుటీ వదలకండి. దాని దరఖాస్తు వేరు, అది చూసే అధికారి వేరు, తొలగింపు తప్పని రుజువు చేయాల్సిన పని అక్కడ లేదు. కేసూ గ్రాట్యుటీ రెండూ నడపాలనుకుంటే ఒక జాగ్రత్త. గ్రాట్యుటీ తీసుకున్నాడు కాబట్టి తొలగింపును ఒప్పుకున్నాడని వాదిస్తారు. "నా కేసుకు, నా హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నాను" అన్న వాక్యం దరఖాస్తు మీదా రసీదు మీదా రాయండి.

ఇక కేసుల మనిషి అన్న మాట. బావమరిది భయం ఊరికే పుట్టింది కాదు. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టూ ప్లాంట్ల మేనేజర్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే. కొన్నాళ్లు కొన్ని గేట్లు మూసుకోవచ్చు. అది జరగదని నేను మాట ఇవ్వలేను. కానీ మీరు అర్జీ పెట్టిన అక్టోబరు నుంచే వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. భయపడాల్సిన నష్టంలో సగం ఇప్పటికే జరిగిపోయింది, దానికి రావాల్సిన ఫలితం మాత్రం ఇంకా రాలేదు. ఫ్రీజర్ నడపడం తెలిసిన పదకొండేళ్ల మనిషి ఒక్క రొయ్యల ప్లాంటుకే కావాలా? చేపల ప్యాకింగ్, ఐస్, కోల్డ్ స్టోరేజీ, పాల చిల్లింగ్ కేంద్రాలు మన జిల్లాల్లో ఎన్ని లేవు? అడగడం మొదలుపెట్టండి.

బాబాయిగారి విషయంలో మీ ఆవిడ ఇద్దరి మధ్యా నలిగిపోతున్నారు. దరఖాస్తు వేసే ముందు రోజు మీరే ఆయన ఇంటికి వెళ్లి చెప్పండి. "ఇది మీ మీద కాదు, గడువు అయిపోతోంది కాబట్టి వేస్తున్నాను, మాట్లాడే దారి తెరిచే ఉంది" అని. కోర్టు నోటీసు చూసి తెలుసుకుంటే ఆయన చిన్నబోతారు. మీ నోటితో వింటే కోపమొచ్చినా చుట్టరికం నిలుస్తుంది.

పీలింగ్ సెక్షన్ ఆడవాళ్ల గురించి సిగ్గుపడుతూ ఆగిపోకండి, ఇంకా టైముంది. కొత్త కోడ్ ప్రకారం వివాదం పుట్టిన రెండేళ్లలోపు లేబర్ ఆఫీసరు దగ్గరకు వెళ్లాలి. వాళ్లను కూడా సెప్టెంబరులోనే ఆపి ఉంటే 2027 సెప్టెంబరు దాకా వీలుంది. కిలోల లెక్కన కూలి ఇచ్చినా, ఏ చీటీ లేకపోయినా వాళ్లూ కార్మికులే. ఒక్కొక్కరూ విడిగా అర్జీ పెట్టొచ్చు, అందరూ ఒకే రోజు వెళ్లొచ్చు. మీ షిఫ్టు వాళ్లు చూశారు, వాళ్ల షిఫ్టు మీరు చూశారు. కంపెనీ సూపర్‌వైజరే పని చెప్పేవాడని ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకోవచ్చు. కేసులో మీకు అన్నిటికంటే ఎక్కువగా కావాల్సింది అదే. వాళ్లలో పెద్దావిడ ఎవరో మీకు తెలిసే ఉంటుంది. ఈ ఆదివారం మీ ఆవిడను కూడా వెంట తీసుకుని వాళ్లింటికి వెళ్లండి. సోమవారం రిపోర్టు, కవరు, పాస్‌బుక్ కాగితాలు పట్టుకుని భీమవరం కోర్టులో న్యాయ సేవా కమిటీ దగ్గర ఉండండి. అక్కడ మొదట అడగాల్సింది ఒక్కటే: మా జిల్లా ఏ లేబర్ కోర్టు కిందకు వస్తుంది, దరఖాస్తు ఏ నమూనాలో వేయాలి అని. ఆ జవాబు రాసుకుని నాకు మళ్లీ ఉత్తరం రాయండి. దరఖాస్తు ముసాయిదా పంపితే చదివి చెబుతాను.